మునిగిన ఓడలో నిధి దొరికితే ఎవరిది? విశాఖ డైవర్లకు చట్టబద్ధమైన దారి ఎంతవరకు ఉంది

2023 సెప్టెంబరు చివర్లో విశాఖ వైఎంసీఏ బీచ్‌కు భారీ చెక్క పెట్టె లాంటిది ఒకటి కొట్టుకొచ్చింది. జనం పోగయ్యారు. పాతకాలపు ఓడదని, లోపల ఏదో ఉంటుందని ఊరంతా మాట్లాడుకున్నారు. పోలీసులు వచ్చారు, పొక్లెయిన్ తెప్పించారు. తీరా చూస్తే అది పెట్టే కాదు, దుంగలు పేర్చి బిగించిన మొద్దు. అంతకు ముందు ఏడాది అసని తుపాను రోజుల్లో శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి తీరానికి బంగారు రంగు రథం కొట్టుకొచ్చినప్పుడూ ఇలాంటి చర్చే నడిచింది. 2020లో నివర్ తుపాను తర్వాత ఉప్పాడ తీరంలో జనం ఇసుకలో బంగారు రేణువులు ఏరుకున్నారు.

ఇప్పుడు రుషికొండలో స్కూబా డైవింగ్ నేర్పుతున్నారు. నిధి వేటగాళ్ల వీడియోలు ప్రతి ఫోన్‌లోనూ కనిపిస్తున్నాయి. మునిగిన ఓడల నుంచి విలువైన వస్తువులు తీసే పనిని చట్టబద్ధంగా వృత్తిగా పెట్టుకోవచ్చా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగే యువకులు ఉండటం సహజమే.

క్లుప్తంగా: సముద్రంలో దొరికిన వస్తువు మన దేశంలో దొరికినవాళ్ల సొంతం కాదు. దానికి యజమాని ఉండొచ్చు, లేదా అది పురావస్తువు కావొచ్చు, లేదా ఏదో ఒక దేశపు యుద్ధనౌకకు చెందినది కావొచ్చు. చట్టబద్ధమైన సంపాదన నిధి దొరికిందన్న హక్కుతో రాదు, యజమానితో చేసుకున్న ఒప్పందం ప్రకారం చేసిన పనికి ప్రతిఫలంగా వస్తుంది. ఆ పనికి విశాఖలో పునాది గట్టిగానే ఉంది.

నేల మీద ఒక రూలు, నీటిలో మరొకటి

పొలం దున్నుతుంటే లంకెబిందెలు దొరికాయనుకుందాం. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన దేనినైనా కలెక్టరుకు తెలియజేయాలి. యజమాని ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, నిధి దొరికినవారికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు చెందుతాయి. కావాలనుకుంటే ప్రభుత్వం దాని విలువకు ఐదో వంతు అదనంగా చెల్లించి తీసుకోవచ్చు. అంటే నేలలో దొరికినదానికి చట్టమే ఒక వాటా రాసిపెట్టింది. చాలామంది మనసులో ఉన్నది ఈ రూలే. సముద్రానికీ ఇదే వర్తిస్తుందని అనుకుంటారు.

ఆ చట్టం మాట్లాడేది నేలలో దాచిన సొమ్ము గురించి. మునిగిన ఓడ సంగతి నౌకాయాన చట్టం కిందికి వస్తుంది. అక్కడ మొదటి ప్రశ్న ‘దొరికింది ఎవరికి’ అని కాదు, ‘పోగొట్టుకున్నది ఎవరు’ అని. ఓడ అడుగుకు చేరినా దాని మీద హక్కు పోదు. బీమా సంస్థ పూర్తి పరిహారం చెల్లించి ఉంటే ఆ హక్కు సంస్థకు దక్కుతుంది. సరుకుకు ఒక యజమాని, ఓడకు వేరొక యజమాని ఉండటం కూడా మామూలే. 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం ఇందుకోసం ‘రిసీవర్ ఆఫ్ రెక్’ అనే అధికారిని ఏర్పాటు చేసింది. శిథిలాన్ని స్వాధీనం చేసుకున్నవారు దాన్ని ఆయనకు అప్పగించాలి. యజమాని ఏడాదిలోగా వచ్చి రుజువు చూపి, తీసినవారి ఖర్చు, రుసుము కట్టి తీసుకెళ్లొచ్చు. ఎవరూ రాకపోతే అమ్మకం జరుగుతుంది. తీసినవారికి న్యాయమైన రుసుము వస్తుంది, వస్తువు మాత్రం రాదు. ఈ చట్టం స్థానంలో పార్లమెంటు 2025లో కొత్త మర్చంట్ షిప్పింగ్ చట్టాన్ని ఆమోదించింది. ఈ రంగంలోకి దిగాలనుకునేవారు పాత పుస్తకాల మీద ఆధారపడకుండా దాని కింద వచ్చే నిబంధనలను చూసుకోవాలి.

రెండో అడ్డుగోడ వయసు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం, విగ్రహం, చారిత్రక విలువ ఉన్న ఏ వస్తువైనా పురావస్తువే. దాన్ని విదేశాలకు పంపే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, అది అనుమతించిన సంస్థలకు తప్ప ఎవరికీ లేదు. దేశంలో అమ్మాలన్నా లైసెన్సు కావాలి. నిధి వేట అనగానే గుర్తొచ్చే వస్తువులన్నీ, అంటే డచ్చి నాణేలు, ఫిరంగులు, చైనా పింగాణీ, ఈ గీతకు అవతలే ఉన్నాయి. ప్రపంచ మార్కెట్లో వేలం వేయొచ్చన్న లెక్కతో పెట్టుబడి పెట్టేవారికి ఈ ఒక్క నిబంధనతోనే దారి మూసుకుపోతుంది.

యునెస్కో 2001లో తెచ్చిన ఒప్పందం ఇంకా కఠినం. వందేళ్లకు పైగా నీటిలో ఉన్న వారసత్వ సంపదతో వ్యాపారం చేయడాన్నే అది వ్యతిరేకిస్తుంది. భారత్ అందులో చేరలేదు, కానీ ఆచరణలో ధోరణి అటువైపే ఉంది. సముద్ర గర్భంలో పురాతన అన్వేషణ కోసం భారత పురావస్తు శాఖలో 2001 నుంచే ప్రత్యేక విభాగం ఉంది.

విశాఖ తీరంలో ఉన్న ఓడలు

ఈ తీరానికి ఓడల చరిత్ర తక్కువేమీ కాదు. 1804 సెప్టెంబరు 15న విశాఖ రేవు ముందే బ్రిటిష్, ఫ్రెంచి నౌకల మధ్య యుద్ధం జరిగింది. హెచ్‌ఎంఎస్ సెంచూరియన్ అనే బ్రిటిష్ నౌక మీద ఫ్రెంచి అడ్మిరల్ లినువా మూడు నౌకలతో దాడి చేశాడు. ఆ గొడవలో బార్నబీ అనే వాణిజ్య నౌక ఒడ్డుకు కొట్టుకుపోయి ధ్వంసమైంది. ఇప్పుడు దాని ఆనవాళ్లు దొరుకుతాయా? అవకాశం చాలా తక్కువ. వెచ్చని సముద్రంలో బయటపడి ఉన్న కలపను ఓడపురుగు కొన్నేళ్లలోనే తినేస్తుంది. ఇసుకలో కూరుకుపోయిన భాగమే మిగలాలి. విశాఖ తీరంలో ఇసుక ఒకచోట నిలవదు. ఇసుక ఉత్తరానికి సాగే దారికి పోర్టు అడ్డుపడింది, అందుకే పూడిక తీసిన ఇసుకను ఆర్కే బీచ్‌కు పంపు చేస్తుంటారు. అలా కదిలే తీరంలో రెండు శతాబ్దాల నాటి చెక్క ఓడను వెతకడం డైవర్ ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. సర్వే పరికరాలు, పాత మ్యాపులు, పురావస్తు శాఖ అనుమతి మూడూ కావాలి.

1933లో ప్రారంభమైన పోర్టు కోసం రెండు పాత ఓడలను కావాలనే ముంచి అలల తాకిడికి అడ్డుగోడగా వాడుకున్నారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ రోజుల్లోనే జపాన్ నౌకాదళం బంగాళాఖాతంలో 20కి పైగా వాణిజ్య నౌకలను ముంచింది. అవి మోసుకెళ్లింది ఎక్కువగా మామూలు సరుకే.

శ్రీకాకుళం జిల్లా బారువ దగ్గర చిల్కా అనే ఆవిరి ఓడ శిథిలం ఉంది. విశాఖ నుంచి డైవర్లు అక్కడికి పర్యాటకులను తీసుకెళ్తుంటారు. మునిగి వందేళ్లు దాటిన ఓడ అది. చూసి రావడం వేరు, దాని నుంచి ఒక ఇత్తడి మేకు ఊడదీసి జేబులో వేసుకోవడం వేరు. వినోదం కోసం దిగే డైవర్లు తెలియక చేసే తప్పు సాధారణంగా ఇక్కడే జరుగుతుంది.

అందరికీ తెలిసిన శిథిలం పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ. 1971 డిసెంబరులో విశాఖ రేవుకు దగ్గర్లోనే సిబ్బందితో సహా మునిగింది. అప్పట్లో ఐఎన్‌ఎస్ నిస్తార్ అనే నౌకాదళ నౌక దాని జాడను పరిశీలించింది. 2024లో నౌకాదళం లోతైన నీటి రక్షణ వాహనంతో దాన్ని మళ్లీ గుర్తించినా ముట్టుకోలేదు. యుద్ధనౌక ఎక్కడ మునిగినా అది ఆ దేశానిదే, అందులో చనిపోయినవారికి అది సమాధి. దీన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో జావా సముద్రంలో కనిపించింది. 1942 యుద్ధంలో మునిగిన డచ్చి నౌకలు కొన్ని అడుగున లేవని 2016లో తేలింది. ఇనుము, ఇత్తడి తుక్కు కోసం దొంగలు ముక్కలు చేసి ఎత్తుకుపోయారు. నావికుల అవశేషాలు కూడా వాటితోపాటే పోయాయి. ఇలాంటివి జరిగాక ఏ దేశమైనా ప్రైవేటు అన్వేషణను అనుమానంగా చూడటంలో ఆశ్చర్యం లేదు. పైగా విశాఖ తూర్పు నౌకాదళ కేంద్రం. ఇక్కడి నీళ్లలో ధ్వని తరంగాలతో అడుగును చూపే సోనార్‌తో సొంతంగా వెతుకులాడటం మామూలు విషయం కాదు.

వెండి మోసిన రెండు ఓడలు

భారత్ నుంచి బయలుదేరి మునిగిన రెండు ఓడల కథ పక్కపక్కన పెడితే ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో తెలుస్తుంది.

మొదటిది గెర్సొప్పా. కర్ణాటకలోని జోగ్ జలపాతం పేరు పెట్టుకున్న ఈ బ్రిటిష్ ఓడ 1940 డిసెంబరులో వెండి, తేయాకు, దుక్క ఇనుముతో కలకత్తా నుంచి బయలుదేరింది. 1941 ఫిబ్రవరిలో ఐర్లండ్‌కు నైరుతి దిశలో జర్మన్ జలాంతర్గామి దాన్ని ముంచింది. యుద్ధకాలపు బీమా చెల్లించినందువల్ల వెండి మీద హక్కు బ్రిటన్ ప్రభుత్వానికి దక్కింది. ఆ ప్రభుత్వం అమెరికా కంపెనీ ఒడిస్సీ మెరైన్‌తో ముందే ఒప్పందం చేసుకుంది: ఖర్చు, రిస్కు అంతా కంపెనీది, ఖర్చులు పోగా మిగిలిన విలువలో 80 శాతం కూడా దానిదే. 2012, 2013 సంవత్సరాల్లో దాదాపు 4,700 మీటర్ల లోతు నుంచి 100 టన్నులకు మించి వెండి పైకి వచ్చింది.

రెండోది తిలావా. బొంబాయి నుంచి ఆఫ్రికా తీరానికి వెళ్తుండగా 1942 నవంబరు 23న జపాన్ జలాంతర్గామి టార్పెడోలతో ముంచింది. 280 మంది చనిపోయారు. దక్షిణాఫ్రికా ప్రభుత్వం నాణేల ముద్రణకు కొనుక్కున్న 2,364 వెండి కడ్డీలు అందులో ఉన్నాయి. 2017లో అర్జెంటమ్ అనే కంపెనీ దాదాపు రెండున్నర కిలోమీటర్ల లోతు నుంచి వాటిని తీసి ఇంగ్లండ్‌కు చేర్చి, అక్కడి రిసీవర్‌కు తెలియజేసి, రుసుము కోసం కోర్టుకెక్కింది. యజమానితో మాత్రం ముందుగా ఒప్పందం లేదు. కింది రెండు కోర్టులు కంపెనీ వాదననే ఒప్పుకున్నాయి. 2024లో బ్రిటన్ సుప్రీంకోర్టు దాన్ని తిరగరాసింది. ఆ వెండి పరాయి ప్రభుత్వానిది కాబట్టి ఆ దావా నుంచి దక్షిణాఫ్రికాకు రక్షణ ఉందని చెప్పింది.

రెండింటిలోనూ సరుకు వెండే, యుద్ధం ఒకటే, సాంకేతికత ఒకే స్థాయిది. తేడా ఒక్క కాగితం. ఒకచోట ఓడ మీదికి వెళ్లకముందే సంతకాలైన ఒప్పందం ఉంది, మరోచోట లేదు.

ఒడిస్సీ కంపెనీకే మరో చేదు అనుభవం ఉంది. 2007లో అది పోర్చుగల్ సమీపంలో అట్లాంటిక్ అడుగు నుంచి దాదాపు 6 లక్షల నాణేలు తీసి ఫ్లోరిడాకు చేర్చింది. అవి 1804లో మునిగిన మెర్సిడెస్ అనే స్పెయిన్ నౌకవని తేలింది. అమెరికా కోర్టులు మొత్తం స్పెయిన్‌కు ఇమ్మన్నాయి. 2012లో విమానాల్లో నాణేలు వెళ్లిపోయాయి. స్పెయిన్ లాయర్ల ఖర్చు కూడా కంపెనీయే భరించాల్సి వచ్చింది.

నిధి వేట అంటే అందరూ చెప్పుకునే ఫ్లోరిడా దగ్గర మునిగిన అటోచా అనే స్పెయిన్ ఓడ కథ ఇంకా పాతది. మెల్ ఫిషర్ అనే వ్యక్తి 16 ఏళ్లు వెతికి 1985లో దాని ప్రధాన సరుకును కనుగొన్నాడు. మధ్యలో 1975లో పడవ తిరగబడి కొడుకు, కోడలు, మరో డైవర్ చనిపోయారు. ఆ తర్వాత 1987 నాటి అమెరికా చట్టం తీర జలాల్లో వదిలేసిన ఓడల మీద హక్కును రాష్ట్రాలకు ఇచ్చింది. అంటే ఇంటర్నెట్‌లో ఇంకా ఆదర్శంగా చూపించే ఆ దారి పుట్టినచోటే చాలావరకు మూసుకుపోయింది.

మనకు తెలిసిన సాల్వేజ్: కచ్చులూరు

మునిగిన, ప్రమాదంలో చిక్కిన ఓడలను, సరుకును కాపాడి వెలికితీసే పనినే సాల్వేజ్ అంటారు. ఈ వృత్తి అసలు రూపం తెలుగువారికి కొత్త కాదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగింది. వరద ఉధృతిలో మొదట ఎవరూ దగ్గరికి వెళ్లలేకపోయారు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందానికి ప్రభుత్వం దాదాపు రూ. 22.7 లక్షలకు బోటు వెలికితీత పని అప్పగించింది. వైరు తాళ్లకు లంగర్లు కట్టి నదిలో వేసి పొక్లెయిన్‌తో లాగారు. మొదట బోటు రెయిలింగ్ ఊడి చేతికొచ్చింది, తర్వాత పైకప్పు ముక్కలు. బోటు కదల్లేదు. విశాఖ నుంచి వచ్చిన డైవర్లు కిందికి దిగి తాడు ఎక్కడ బిగించాలో చూసి కట్టాకే పని ముందుకు సాగింది. అక్టోబరు 22న బోటు ఒడ్డుకు చేరింది. అందులో చిక్కుకున్న మృతదేహాలను కుటుంబాలకు అప్పగించగలిగారు.

సాల్వేజ్‌లోని ముఖ్యమైన విషయాలన్నీ ఈ ఒక్క ఘటనలో ఉన్నాయి. పని అప్పగించిన యజమాని ఉన్నాడు, రాతపూర్వక ఒప్పందం ఉంది, వాతావరణం అనుకూలించేదాకా ఎదురుచూపు ఉంది. పట్టు దొరికే చోటు తెలిసిన మనిషి కింద ఉన్నాడు, లాగే శక్తి ఒడ్డున ఉంది. నిధి లేదు.

పెద్ద ఓడల విషయంలో లెక్కలు మారతాయి. అంతర్జాతీయంగా వందేళ్లకు పైగా నడుస్తున్న లాయిడ్స్ ఓపెన్ ఫారం ఒప్పందానికి పునాది ఒక్కటే: కాపాడగలిగితేనే డబ్బు. ఎంత అనేది కాపాడిన ఆస్తి విలువ, ప్రమాద తీవ్రత, చూపిన నైపుణ్యం, పర్యావరణ నష్టం ఆపిన తీరు చూసి తేలుస్తారు. 1989 నాటి అంతర్జాతీయ సాల్వేజ్ ఒప్పందం కూడా ఇదే సూత్రం మీద నిలబడింది. రుసుము ఎగ్గొడితే కోర్టు ద్వారా ఓడను కదలకుండా ఆపించే (అరెస్టు చేయించే) వీలు 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం ఇస్తుంది. విశాఖలోనే 2020 అక్టోబరులో ‘ఎంవీ మా’ అనే బంగ్లాదేశ్ ఓడ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చి ఇరుక్కుపోయినప్పుడు ముందు చూసుకోవాల్సింది అందులోని ఇంధనాన్ని. 2025 మే 25న కొచ్చి దగ్గర 640 కంటైనర్లతో మునిగిన ఎంఎస్‌సీ ఎల్సా 3 విషయంలోనూ అంతే. చమురు తోడటం, కంటైనర్లు ఏరటం, శిథిలం తొలగించటం వంటి పనులకే ఈ రోజు చెల్లింపులు ఉన్నాయి.

నీటి కింద పని ఎలా ఉంటుంది

రుషికొండలో నేర్చుకునే ఓపెన్ వాటర్ కోర్సు 18 మీటర్ల వరకు, దాని పై మెట్టు 30 మీటర్ల వరకు అనుమతిస్తుంది. వినోద డైవింగ్‌కు హద్దు 40 మీటర్లు. అది మొదటి మెట్టుగా మంచిదే, నీటి భయం పోతుంది. ఆ సర్టిఫికెట్‌తో కూలికి పని చేయకూడదు.

పని చేసే డైవర్ వీపున సిలిండర్‌తో తిరగడు. హెల్మెట్‌కు పైనుంచి ఒక లావుపాటి కట్ట వస్తుంది. అందులో గాలి గొట్టం, మాట్లాడే వైరు, లోతు కొలిచే సన్న గొట్టం, మనిషి బరువు మోసే తాడు కలిపి ఉంటాయి. పడవ మీద టెండర్ అనే మనిషి ఆ కట్టను చేతిలోంచి వదలడు. మరీ వదులైతే అది ఇనుప రేకులకు చుట్టుకుంటుంది, బిగిస్తే డైవర్ పని చేయలేడు. వైరులో మాట ఆగిపోతే తాడు లాగే సైగలే దిక్కు. వానాకాలంలో మన తీరంలో బురద నీరు, ముందు చెయ్యి పెట్టుకున్నా కనపడదు. రేకు అంచు ఎక్కడుందో, రంధ్రం ఎక్కడుందో తడిమి తెలుసుకోవాలి. ఈ రంగంలోకి వచ్చేవారిలో చాలామంది మొదట టెండర్‌గానే మొదలుపెడతారు. ఆ అనుభవం లేకుండా నేరుగా కిందికి పంపే సంస్థ ఉంటే దూరంగా ఉండటం మంచిది.

ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 30 మీటర్ల దగ్గర శరీరం మీద ఉపరితలానికి నాలుగు రెట్ల ఒత్తిడి ఉంటుంది, రక్తంలో నైట్రోజన్ కరుగుతుంది. గబుక్కున పైకి వస్తే అది బుడగలై కీళ్లను, నరాలను, కొన్నిసార్లు ప్రాణాన్ని దెబ్బతీస్తుంది. గజ ఈతగాళ్లు ఎంత నేర్పరులైనా ఈ సమస్య ఈతతో తీరేది కాదు. సిలిండర్ వాడుతూ పదే పదే దిగే మత్స్యకార యువకులకు ఇది తెలియాలి. ఎక్కడ ఎంతసేపు ఆగాలో చెప్పే పట్టిక ప్రకారం ఆగుతూ పైకి రావాలి, దగ్గర్లో పీడన గది ఉండాలి. గాలితో చేసే పనికి సుమారు 50 మీటర్లు హద్దు. అంతకు మించితే హీలియం మిశ్రమంతో, రోజుల తరబడి పీడన గదిలోనే ఉంటూ చేసే సాచురేషన్ డైవింగ్ కావాలి.

నిధి కలలు కనేవారు గమనించాల్సింది ఇక్కడ ఉంది. మనిషి చేరగల లోతులో ఉన్న పాత ఓడల సరుకును చాలావరకు ఆ కాలంవాళ్లే తీసుకుపోయారు, మిగిలింది పురావస్తువు. యజమానితో ఒప్పందం చేసుకుని తీయగల వెండి, బంగారం కిలోమీటర్ల లోతులో ఉంది. అక్కడికి వెళ్లేది మనిషి కాదు, తీగ చివర యంత్రం. గెర్సొప్పా దగ్గరికీ తిలావా దగ్గరికీ ఏ డైవరూ దిగలేదు.

పైకి వచ్చాక ఖర్చు

వెండి నాణెం శతాబ్దాలు ఉప్పునీటిలో ఉంటే నల్లటి ముద్దగా వస్తుంది. ఇనుప ఫిరంగి చుట్టూ సున్నం, ఇసుక కలిసి రాయిలా గట్టిపడతాయి. ఆరబెడితే లోపలి ఉప్పు స్ఫటికాలై పొరలు పొరలుగా రాలిపోతుంది. ఉప్పు తీయడానికి నెలలు, పెద్ద ఫిరంగులకు ఏళ్లు పడుతుంది. స్వీడన్‌లో పైకి తీసిన వాసా ఓడ కలపకు మైనం లాంటి ద్రావణాన్ని 17 ఏళ్లు చిమ్మారు. ప్రయోగశాల లేకుండా తీయడమంటే పోగొట్టడమే.

విశాఖ నుంచి ఉన్న దారులు

మొదటిది కమర్షియల్ డైవింగ్. ఓడ అడుగు శుభ్రం చేయటం, జెట్టీ స్తంభాల తనిఖీ, నీటి కింద వెల్డింగ్, కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లో చమురు పైపుల పని, ఇవన్నీ ఏడాది పొడవునా ఉండేవి. వైద్య పరీక్ష పాసై, అంతర్జాతీయ మెరైన్ కాంట్రాక్టర్ల సంఘం (ఐఎంసీఏ) గుర్తింపు ఉన్న సర్టిఫికెట్ సంపాదిస్తే విదేశాల్లోనూ చెల్లుతుంది. కోర్సు ఖర్చు ఎక్కువ కాబట్టి చేరకముందే ఆ గుర్తింపును సొంతంగా సరిచూసుకోవాలి. ప్రకటన మీద నమ్మకం పెట్టుకోకూడదు.

రెండోది యంత్రాల వైపు. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ విశాఖ క్యాంపస్‌లో నౌకా నిర్మాణం, ఆంధ్రా యూనివర్సిటీలో భూభౌతిక శాస్త్రం చదివినవారు సోనార్ సర్వే, నీటి కింద రోబోల వైపు వెళ్లొచ్చు. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉంది. 2025 జులై 18న హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన కొత్త ఐఎన్‌ఎస్ నిస్తార్ నౌకాదళంలో చేరింది. 300 మీటర్ల లోతులో సాచురేషన్ డైవింగ్‌కు పనికొచ్చే నౌక అది. దాని చుట్టూ పెరిగే నైపుణ్యం, పదవీ విరమణ చేసే నౌకాదళ డైవర్ల రూపంలో, రానున్న ఏళ్లలో ఊళ్లోకి వస్తుంది. శిక్షణకు అంతకంటే మంచి గురువులు దొరకరు.

పాత ఓడల మీద నిజమైన మక్కువ ఉన్నవారికి మూడో దారి పురావస్తు శాస్త్రం. డిగ్రీ ముందు, డైవింగ్ తర్వాత. జీతం పరిమితమే, అయినా పాత ఓడను చేత్తో తాకే చట్టపరమైన హక్కు దాదాపుగా ఈ దారిలోనే ఉంది.

ఈ మూడు దారుల్లోనూ లెక్కలోకి రాని వనరు ఒకటుంది: మత్స్యకారుల అనుభవం. ఏ చోట వల తగులుకుంటుందో, ఎక్కడ చేప గుంపుగా ఉంటుందో పెద్దజాలరిపేట నుంచి భీమిలి దాకా బోటు నడిపేవారికి తెలుసు. ఆ చోట్లలో కొన్ని రాళ్లు, కొన్ని మునిగిన ఓడలు. అలాంటి చోట వలలో వింత వస్తువు పడితే జీపీఎస్ పాయింటు రాసుకుని, వస్తువును ఉప్పునీటిలోనే ఉంచి, ఫొటో తీసి మెరైన్ పోలీసులకో పోర్టు అధికారులకో చెప్పాలి. పేలుడు పదార్థంలా అనిపిస్తే ఫొటో కోసం కూడా ఆగకుండా 1093కు ఫోన్ చేయాలి.